ఫోటోలతో మొదలుపెట్టండి

గూగుల్‌ను వదిలించుకుందామని బయలుదేరిన వాళ్లలో చాలామంది మెయిల్‌తో మొదలుపెట్టి మెయిల్ దగ్గరే చతికిలబడతారు. శనివారం రాత్రి ఏదో వీడియో చూసి ఊపు వస్తుంది. ఆదివారం పొద్దున్నే మూలనున్న పాత కంప్యూటర్‌కి దుమ్ము దులిపి మెయిల్ సర్వర్ ఎక్కించడం మొదలవుతుంది. సాయంత్రానికి అది నడుస్తుంది కూడా. కానీ దాన్నుంచి పంపిన మెయిల్ అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌కి చేరదు, ఒక్కోసారి స్పామ్‌లో కూడా కనబడదు. సోమవారం ఆఫీసు ఉండనే ఉంది. ఆ తర్వాత ఆ మనిషి దగ్గర ఎవరు ఈ ఊసెత్తినా "అవన్నీ మనవల్ల అయ్యే పనులు కాదండీ" అన్న జవాబే వస్తుంది.

అవుతాయి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో తెలిస్తే చాలు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముందు మీ ఫోటోలను ఇంటికి తెచ్చుకోండి. ఆ ఒక్కపనీ నాలుగైదు నెలలు సాఫీగా నడిచాక మిగతా వాటి సంగతి చూడొచ్చు. చూడకపోయినా కొంప మునగదు.

ఫోటోలే ఎందుకంటారా? బ్యాంకు స్టేట్‌మెంట్ పోతే బ్యాంకును అడిగి మళ్లీ తెప్పించుకుంటాం. ఇన్సూరెన్స్ కాగితం పోతే ఏజెంటు ఇస్తాడు. తాతగారి షష్టిపూర్తి నాటి ఫోటో పోతే ఇచ్చేవాళ్లు లేరు. పైగా మనవాళ్ల గ్యాలరీలో ఉండేవి ఫోటోలు మాత్రమేనా? ఆధార్, పాన్, పట్టాదారు పాసు పుస్తకం, స్కానింగ్ రిపోర్టు, పిల్లల మార్కుల లిస్టు, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, అన్నిటినీ ఫోన్‌తో ఓ క్లిక్ కొట్టి అక్కడే పడేస్తాం. ఒక తెలుగింటి గ్యాలరీ తెరిస్తే ఆ ఇంటి చరిత్రా, ఆస్తీ, ఆరోగ్యమూ ఒకేచోట కనిపిస్తాయి. అంత సరుకును పరాయి చోట పెట్టామన్న ఆలోచన మనకు మామూలుగా రాదు. 'స్టోరేజ్ నిండిపోయింది' అన్న ఎర్రగీత కనిపించినప్పుడు మాత్రం వస్తుంది.

భయం దేనికి పడాలి, దేనికి అక్కర్లేదు

ముందు ఒక అపోహ తీసేద్దాం. గూగుల్‌లో ఎవరో కూర్చుని మీ అమ్మాయి బారసాల ఫోటోలు చూస్తున్నారన్న భయం పెట్టుకోకండి. ప్రకటనల కోసం జీమెయిల్‌లోని ఉత్తరాలను చదవడం ఆపేస్తామని ఆ సంస్థ 2017లోనే ప్రకటించింది. భద్రత విషయానికొస్తే, మనం ఇంట్లో పెట్టుకునే ఏ పెట్టె కంటేనైనా వాళ్ల డేటా సెంటర్లు పటిష్ఠంగా ఉంటాయి. ఇది ఒప్పుకోకుండా సెల్ఫ్ హోస్టింగ్ (సొంత సర్వర్ పెట్టుకోవడం) గొప్పలు చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

అసలు ఇబ్బంది వేరే ఉంది. మన ఖాతా ఉండాలా పోవాలా అన్నది మన చేతిలో లేదు. 2021లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, చిన్న కొడుక్కి ఒంట్లో బాగాలేకపోతే నర్సు అడిగిందని వాపు వచ్చిన చోట ఫోటో తీసి డాక్టరుకు పంపాడు. ఫోన్ ఆ ఫోటోను తనంతట తానే గూగుల్ ఖాతాలోకి ఎక్కించింది. అక్కడి యంత్రం దాన్ని పిల్లలపై అత్యాచారం కింద లెక్కగట్టింది. ఖాతా మూసేశారు. మెయిల్, ఫోటోలు, చివరికి ఆయన ఫోన్ నంబరు కూడా గూగుల్‌దే కావడంతో అదీ పోయింది. పోలీసులు విచారించి నేరమేమీ జరగలేదని తేల్చారు. అయినా గూగుల్ ఆ ఖాతాను తిరిగి ఇవ్వలేదు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఈ కథనం వేసినప్పుడు లోకానికి తెలిసింది. ఆ తండ్రి చేసిన పని మన ఇళ్లలో ఎవరు చేయరు? చర్మం మీద దద్దుర్లు వస్తే డాక్టరుకు వాట్సాప్‌లో ఫోటో పంపని అమ్మ ఉందా?

ఇంకోటి మన దేశానిదే. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ రష్యా మీద కొత్త ఆంక్షలు పెట్టింది. గుజరాత్‌లోని వాడినార్‌లో రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీలో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు వాటా ఉంది. దాంతో మైక్రోసాఫ్ట్ నయారా ఉద్యోగుల మెయిల్, టీమ్స్ ఆపేసింది. డబ్బు కట్టి తీసుకున్న లైసెన్సులే, మన దేశ చట్టం ప్రకారం తప్పేమీ చేయలేదు, అయినా ఆపేసింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఈలోగా పని ఆగకుండా రెడిఫ్ మెయిల్‌కి మారింది. రోజుల వ్యవధిలో సేవలు తిరిగొచ్చాయి, కేసు ముగిసింది. అంత పెద్ద చమురు కంపెనీ కాబట్టి హైకోర్టు దాకా వెళ్లగలిగింది. మీరూ నేనూ అయితే వాళ్ల వెబ్‌సైట్‌లో ఫారం నింపి ఎదురుచూస్తాం.

ఇంత దూరం పోనక్కర్లేదు, మామూలు వ్యాపార నిర్ణయం చాలు. గూగుల్ ఫోటోస్‌లో ఎన్నైనా ఉచితంగా పెట్టుకోవచ్చన్న సదుపాయం 2021 జూన్ 1తో పోయింది. ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ కలిపి 15 జీబీ. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్‌ను కూడా ఆ పదిహేనులోనే కలిపేశారు. రెండేళ్లపాటు ఎవరూ వాడని ఖాతాలను తుడిచేసే పద్ధతి 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. చనిపోయిన నాన్నగారి ఫోన్ బీరువాలో పెట్టి, 'అందులో ఫోటోలు ఉన్నాయిలే' అనుకునే వాళ్లకు ఈ చివరి సంగతి తెలిసి తీరాలి. ఆ ఖాతాలోకి ఈ వారంలోనే ఒకసారి లాగిన్ అవ్వండి.

చట్టం మన పక్షాన లేదా అంటే, కొంతవరకు ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చి చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కానీ 'నా డేటా మొత్తం మూటగట్టి నాకివ్వండి, వేరేచోట పెట్టుకుంటాను' అని అడిగే హక్కు 2019 నాటి బిల్లులో ఉండి 2023 చట్టంలోకి రాలేదు. యూరప్ వాళ్లకు ఆ హక్కు ఉంది. మనకు మాత్రం గూగుల్ 2011 నుంచి టేకౌట్ పేరుతో ఇస్తున్న సదుపాయమే గతి. అది ఉన్నన్నాళ్లే ఉంటుంది కాబట్టి ఉన్నప్పుడే వాడుకోవాలి.

పెట్టె

ఇంటికి తెచ్చుకున్న ఫోటోలు ఉంచడానికి ఒక సర్వర్ కావాలి. దానికోసం కొత్త కంప్యూటర్ కొనకండి. ఇంట్లో పిల్లాడు ఇంజినీరింగ్‌లో వాడి వదిలేసిన లాప్‌టాప్ ఉంటే అదే సర్వర్. 8 జీబీ ర్యామ్ ఉండాలి, హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేయించాలి. అది లేకపోతే ఆఫీసులు వాడి అమ్మేసిన చిన్న డెస్క్‌టాపులు దొరుకుతాయి. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ లాంటివి, నిఘంటువంత ఉంటాయి. సికింద్రాబాద్‌లో సీటీసీకి వెళ్తే రిఫర్బిష్డ్ సరుకు అమ్మే షాపులు చాలా ఉన్నాయి. బేరం ఆడండి, వారంటీ బిల్లు మీద రాయించుకోండి.

లాప్‌టాప్‌లో ఒక లాభం ఉంది. కరెంటు పోయినా దాని బ్యాటరీయే కాసేపు మోస్తుంది. అదే లాప్‌టాప్‌లో ఒక ప్రమాదమూ ఉంది. ఏళ్ల తరబడి ఛార్జింగ్‌లోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ కాస్త పైకి లేచినట్టు, మూత సరిగా పడనట్టు కనిపిస్తే కారణం అదే. అప్పుడిక ఆలోచించకుండా వైరు పీకి బ్యాటరీ తీయించేయాలి. అంతదాకా రాకుండా ఛార్జింగ్ అరవై శాతం, ఎనభై శాతం దగ్గర ఆగిపోయేలా సెట్ చేసుకోవచ్చు. చాలా కంపెనీల లాప్‌టాపుల్లో ఆ వీలుంది. ఇక డెస్క్‌టాప్ అయితే బయాస్‌లోకి వెళ్లి, కరెంటు పోయి వచ్చాక దానంతట అదే ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టాలి. ఇది పెట్టకపోతే ఎండాకాలం కోతల్లో మీరు ఊళ్లో లేని రోజున పెట్టె పడుకుంటుంది, వచ్చేదాకా లేవదు. వైఫై రూటర్‌కు చిన్న యూపీఎస్ ఒకటి తగిలించడం మర్చిపోవద్దు. సర్వర్ నడుస్తూ రూటర్ ఆగిపోతే ఉపయోగం లేదు.

కరెంటు బిల్లు గురించి అందరూ అడుగుతారు. చిన్న డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు పది వాట్ల చుట్టుపక్కల తింటుంది. పది వాట్లు రోజంతా, నెలంతా అంటే 7.2 యూనిట్లు. పాత లాప్‌టాప్ అయితే దానికి రెట్టింపు అనుకోండి. చిన్న డెస్క్‌టాప్‌కైతే మీ శ్లాబు ఏదైనా నెలకు వంద రూపాయలు దాటడం కష్టం. అలాగని ఇదంతా డబ్బు మిగల్చడానికి అనుకుంటే మాత్రం పొరపాటు. పెట్టె, రెండు డిస్కులు, యూపీఎస్ కలిపి లెక్కేస్తే మొదటి రెండు మూడేళ్లు గూగుల్‌కి నెలనెలా కట్టుకోవడమే చవక. లాభం చూసి దిగేవాళ్లు లెక్క తేడా రాగానే మానేస్తారు. ఇలాంటివాళ్లు దిగకపోవడమే మంచిది.

పెట్టె మీద లినక్స్ రకాలైన డెబియన్ గానీ ఉబుంటు సర్వర్ గానీ ఎక్కించి, ప్రోగ్రాములు నడిపే డాకర్ పెట్టుకుని, అందులో ఇమ్మిచ్ అనే సాఫ్ట్‌వేర్ నడపాలి. ఇమ్మిచ్ 2022లో మొదలైంది. ఉచితం, సోర్స్ కోడ్ బహిరంగం. గూగుల్ ఫోటోస్ వాడిన చెయ్యికి పెద్దగా తేడా తెలియదు. ఫోన్‌లో యాప్ ఉంటుంది, కొత్త ఫోటోలను తనంతట తానే ఎక్కించుకుంటుంది, ముఖాలు గుర్తుపట్టి మనిషి వారీగా పేరుస్తుంది. ఆ ముఖాలు గుర్తుపట్టే పని కూడా మీ పెట్టెలోనే జరుగుతుంది, బయటికేమీ వెళ్లదు. మొదటిసారి వేల ఫోటోలు ఎక్కించినప్పుడు పాత లాప్‌టాప్ ఫ్యాను ఒకటి రెండు రోజులు హోరెత్తిపోతుంది. భయపడకండి, ఆ తర్వాత సద్దుమణుగుతుంది. వెతకడంలో మాత్రం ఒక లోటు చెప్పాలి. మొదట వచ్చే మోడల్ ఇంగ్లీషు మాటలకే సరిగా పలుకుతుంది. వేరే భాషలు తెలిసిన మోడల్‌కి మార్చుకునే వీలు సెట్టింగుల్లో ఉంది.

లినక్స్ కమాండ్లు చూస్తే కళ్లు తిరిగేవాళ్లకు నా సలహా, పక్కన తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకోండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తోంది. చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో లినక్స్ కుర్రాళ్ల గుంపులు ఉంటాయి. మీ అపార్ట్‌మెంట్‌లోనే ఒకడు ఉండొచ్చు. అదీ కుదరకపోతే సర్వర్ ఊసే వద్దు, ఎంటే అనే సర్వీసు తీసుకోండి. మన దేశపు ఇంజినీరు మొదలుపెట్టింది. ఫోటో మీ ఫోన్‌లోనే తాళం పడి వెళ్తుంది, కంపెనీ వాళ్లకు కూడా తెరవడం కుదరదు. డబ్బు కట్టాలి, నిజమే. కానీ దానికీ సోర్స్ కోడ్ బహిరంగమే. రేపు కావాలంటే దాన్నే మీ పెట్టె మీద నడుపుకోవచ్చు.

టేకౌట్ మూటలో ఏముంటుంది

ఈ పనంతటిలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

టేకౌట్ పేజీలో అన్నీ టిక్ పెట్టి ఉంటాయి. ముందు వాటన్నిటినీ తీసేసి గూగుల్ ఫోటోస్ ఒక్కటే ఉంచండి. జిప్ సైజు 50 జీబీ పెట్టండి, లేకపోతే రెండేసి జీబీల ముక్కలు డజన్ల కొద్దీ వస్తాయి. అడిగిన వెంటనే ఇవ్వదు. గంటలు పట్టొచ్చు, ఎక్కువ ఫోటోలుంటే రోజులు పట్టొచ్చు. సిద్ధమయ్యాక మెయిల్‌కి లింకు వస్తుంది. ఆ లింకు వారం రోజులే పనిచేస్తుంది. పెళ్లికో తీర్థానికో వెళ్లే ముందు అడిగితే, వచ్చేసరికి గడువు అయిపోయి ఉంటుంది.

జిప్ విప్పి చూస్తే ప్రతి ఫోటో పక్కనా దాదాపు అదే పేరుతో జేసన్ ఫైలు ఒకటి కనిపిస్తుంది. ఇదేదో చెత్త అనుకుని తీసేసేవాళ్లున్నారు. తీసేశారో, కథ ముగిసినట్టే. గూగుల్‌లో మీరు సరిదిద్దిన తేదీ, రాసుకున్న వివరణ, ఫోటో తీసిన చోటు, అన్నీ ఆ చిన్న ఫైలులోనే ఉంటాయి. దాన్ని తెరిస్తే తేదీ తేదీలా కనిపించదు. 1546300800 అని ఓ పొడవాటి అంకె ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు అవి. ఈ అంకెను విప్పితే 2019 జనవరి 1, మన టైము ప్రకారం తెల్లవారి 5.30 అవుతుంది. జేసన్ లేకుండా ఫోటోలు మాత్రం కాపీ చేస్తే, లోపల తేదీ లేనివన్నీ మీరు జిప్ విప్పిన రోజునే తీసినట్టు చూపిస్తాయి. పదేళ్ల సంక్రాంతులూ ఒకేరోజు జరిగినట్టు వరుసకట్టి కూర్చుంటాయి.

దీనికి మందు ఉంది. ఇమ్మిచ్-గో అనే ఉచిత పనిముట్టు జిప్ విప్పకుండానే చదివి, ఫోటోనూ జేసన్‌నూ జతచేసి, ఆల్బమ్‌లు కూడా అలాగే ఉంచి సర్వర్‌కి ఎక్కిస్తుంది. చేత్తో కాపీ చేసే పని పెట్టుకోకండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. మన గ్యాలరీలో చాలా ఫోటోలు మనం తీసినవి కావు, వాట్సాప్‌లో వచ్చినవి. వాట్సాప్ ఫోటో పంపేటప్పుడు అందులోని తేదీ, చోటు లాంటి వివరాలన్నీ చెరిపేస్తుంది, సైజు కూడా కుదిస్తుంది. ఇక మిగిలేది ఫైలు పేరే. ఆ పేరులో ఏడాది, నెల, రోజు ఎనిమిది అంకెలుగా ఉండి, వెనకాల డబ్ల్యూఏ అనే అక్షరాలు ఉంటాయి. కాబట్టి వాట్సాప్ ఫోటోల ఫైలు పేర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకండి. చెల్లెలి పెళ్లి ఫోటోలు బంధువులు వాట్సాప్‌లో పంపి ఉంటే, వాళ్ల ఫోన్‌లో అసలు ఫైళ్లు ఇంకా ఉన్నాయేమో అడగండి, ఉంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. అప్పుడు కుదించదు. నాణ్యతలో తేడా టీవీ మీద వేసి చూస్తే తెలుస్తుంది.

'శుభోదయం' గులాబీలు, వినాయక చవితి శుభాకాంక్షలు, ఫార్వర్డ్ వీడియోలు కూడా ఇదే మూటలో వస్తాయి. వాటిని ఏరేదాకా ఎక్కించనని కూర్చుంటే ఏళ్లు గడుస్తాయి. అన్నీ ఎక్కించేయండి. డిస్కులో చోటు చవక, మీ ఆదివారాలు చవక కాదు.

ఒక హెచ్చరిక. ఎక్కించడం అయిపోయింది కదా అని అదేరోజు గూగుల్‌లో డిలీట్ నొక్కొద్దు. నెలలపాటు రెండూ నడవనివ్వండి. నడుమ నడుమ ఏదో ఒక ఏడాది తెరిచి అక్కడా ఇక్కడా పోల్చి చూడండి.

ఇంటి బయట కూడా కనిపించాలంటే

ఇంట్లో వైఫై మీద అంతా బాగుంటుంది. ఆఫీసుకెళ్లగానే యాప్ సర్వర్ దొరకలేదంటుంది. ఇక్కడ చాలామంది పాత గైడ్లు చూసి రూటర్‌లో పోర్టు తెరవబోతారు. మన దగ్గర అది చాలాసార్లు పనే చేయదు. ఇంటర్నెట్ కంపెనీలు ఒకే ఐపీ చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. మీ రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెతో మొదలైతే మీదీ పంచిన చిరునామానే. పోర్టు తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. ఒకందుకు ఇది మంచిదే. తెరిచిన పోర్టు కోసం ప్రపంచం నలుమూలల నుంచీ యంత్రాలు రాత్రింబవళ్లు తలుపు తడుతూనే ఉంటాయి.

టెయిల్‌స్కేల్ పెట్టుకోండి. వైర్‌గార్డ్ అనే పద్ధతి మీద నడుస్తుంది, సొంత వాడకానికి ఉచితం. సర్వర్‌లోనూ, ఇంటిల్లిపాది ఫోన్లలోనూ వేస్తే అవన్నీ ఎక్కడున్నా ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి తీసిన మనవడి ఫోటో తెనాలిలోని పెట్టెలోకి వచ్చి చేరుతుంది. దీన్ని నడిపేది కూడా ఒక కంపెనీయే కదా అని మీరు అడగొచ్చు. అవును. దారి చూపించే పని దానిది, ఫోటోలు చదివే వీలు దానికి లేదు. అదీ వద్దనుకుంటే హెడ్‌స్కేల్ అని సొంతంగా నడుపుకునేది ఉంది. మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకండి. ఇక టెయిల్‌స్కేల్ లేని బాబాయిలకూ పిన్నులకూ ఫోటోలు ఎలా చూపించాలంటే, ఎప్పట్లాగే వాట్సాప్‌లో పంపండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

గేదెను కట్టుకున్నాక

సర్వర్ పెట్టుకోవడమంటే పాల ప్యాకెట్ మానేసి పెరట్లో గేదెను కట్టుకోవడం. పాలు చిక్కగా ఉంటాయి, నీళ్లు కలిపేవాడు ఉండడు. కానీ పెళ్లికి నాలుగు రోజులు ఊరెళ్తే పాలు పితికేదెవరన్నది ముందే ఆలోచించుకోవాలి. ఇంతవరకూ ఆ నాలుగు రోజుల సంగతి గూగుల్ చూసుకుంది.

డిస్కు పాడవుతుంది. 'పాడైతే' అన్న మాటే లేదు, ఎప్పుడన్నదే తెలియాల్సింది. అందుకే ఫోటోగ్రాఫర్లు పాటించే 3-2-1 లెక్క పెట్టుకోండి. మొత్తం మూడు కాపీలు, రెండు వేర్వేరు సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. పెట్టెలో ఉన్నది మొదటిది. పక్కనే తగిలించిన ఎక్స్‌టర్నల్ డిస్కు రెండోది, రోజూ రాత్రి దానంతట అది కాపీ అయ్యేలా పెట్టండి. మూడోదానికి మన పండగలు అక్కరకొస్తాయి. ఇంకో డిస్కులోకి రెస్టిక్ అనే సాఫ్ట్‌వేర్‌తో తాళంవేసిన కాపీ తీసి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మావాళ్ల బీరువాలో పెట్టి రండి. దసరాకి వెళ్లినప్పుడు కొత్తది పెట్టి పాతది తెచ్చుకోండి. ఇంట్లో దొంగలు పడినా, షార్ట్ సర్క్యూట్ అయినా మీకు పోయేది గట్టిగా తొమ్మిది నెలల ఫోటోలు. అవి కూడా ఫోన్లో ఉండే ఉంటాయి.

రెండు డిస్కులు జోడీగా పెట్టి రెయిడ్ చేశాం కాబట్టి బ్యాకప్ అక్కర్లేదనే వాళ్ల మాట వినొద్దు. ఒకదాంట్లో పొరపాటున చెరిపితే రెండోదాంట్లో అదే క్షణంలో చెరిగిపోతుంది. అలాగే ఇమ్మిచ్‌లో ఫోటోల ఫోల్డరు ఒక్కటే కాపీ చేస్తే సరిపోదు. ఆల్బమ్‌లు, మనుషుల పేర్లు డేటాబేసులో ఉంటాయి. ఇమ్మిచ్ ప్రతి రాత్రీ ఆ డేటాబేసు నకలు ఒకటి తీసి పక్కన పెడుతుంది, మీ బ్యాకప్‌లో ఆ ఫోల్డరు కూడా ఉందో లేదో చూసుకోండి. ఏడాదికోసారి వేరే కంప్యూటర్ మీద బ్యాకప్ నుంచి మొత్తం తిరిగి లేపి చూడాలి. లేపి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనలేం.

ఇక ఇంట్లో వాళ్లు. సర్వర్ పాస్‌వర్డ్ మీ ఒక్కరి తలలోనే ఉంటే, మీకేదైనా అయిన రోజున మీ కుటుంబానికి గూగుల్ కంటే మీరే పెద్ద అడ్డంకి అవుతారు. ఒక తెల్లకాగితం తీసుకుని చేత్తో రాయండి. పెట్టె ఎక్కడుంది, పాస్‌వర్డ్ ఏమిటి, ఎక్స్‌టర్నల్ డిస్కును మామూలు కంప్యూటర్‌కి తగిలిస్తే ఫోటోలు ఏ ఫోల్డరులో కనిపిస్తాయి, ఏదీ అర్థంకాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ కాగితాన్ని ఎల్ఐసీ బాండ్ల పక్కన పెట్టి, మీ ఆవిడకో మీ ఆయనకో చూపించండి.

మిగతా వాటి సంగతి

మెయిల్ సర్వర్ ఇంట్లో పెట్టకండి. ఇంటి ఇంటర్నెట్ చిరునామాలు స్పామ్‌హాస్ లాంటి జాబితాల్లో ముందే ఎక్కి ఉంటాయి. అక్కడి నుంచి వచ్చే మెయిల్‌ను పెద్ద కంపెనీలు గుమ్మంలోనే ఆపేస్తాయి. అంతకంటే తెలివైన పని సొంత డొమైన్ కొనుక్కోవడం. దాన్ని చెన్నై జోహోకో, స్విట్జర్లాండ్ ప్రోటాన్‌కో తగిలించండి. రేపు ఆ కంపెనీ నచ్చకపోతే డొమైన్ సెట్టింగ్ మార్చి ఇంకోచోటికి పోతారు. చిరునామా మాత్రం అదే ఉంటుంది, బంధువులకు చెప్పక్కర్లేదు. బ్యాంకు, పీఎఫ్, ఇన్‌కమ్ టాక్స్ ఖాతాలను నిదానంగా ఒక్కొక్కటే మార్చుకోండి. పాత జీమెయిల్‌ను మూసేయకండి, ఏదో ఒక ఓటీపీ ఎప్పుడో ఒకప్పుడు దానికే వస్తుంది.

కాంటాక్టులు, క్యాలెండరు కోసం నెక్స్ట్‌క్లౌడ్ మంచిదే. 2016లో ఓన్‌క్లౌడ్ నుంచి విడిపోయి పుట్టింది, జర్మనీలో ప్రభుత్వ ఆఫీసులు కూడా వాడుతున్నాయి. కాకపోతే బరువు ఎక్కువ. ఇంటికి రాడికాలే అనే తేలికైన సాఫ్ట్‌వేర్ చాలు. పాస్‌వర్డ్లు మొదట్లో సొంత సర్వర్‌లో పెట్టొద్దు, సర్వర్ పడిపోయిన రోజున దాన్ని బాగుచేసే పాస్‌వర్డే అందులో ఇరుక్కుంటుంది. బిట్‌వార్డెన్ వాళ్ల ఉచిత ఖాతా తీసుకోండి. తెలుగులో టైపు చేయడానికి ఇండిక్ కీబోర్డ్ ఉంది. గ్రాఫీన్ ఓఎస్ వేసుకుని ఫోన్‌నే గూగుల్ లేకుండా చేద్దామనుకుంటే, అది నడిచేది గూగుల్ తయారుచేసిన పిక్సెల్ ఫోన్ల మీదే. కొన్ని బ్యాంకు యాప్‌లు అందులో మొరాయిస్తాయి కూడా. యూపీఐ నడిచే ఫోన్ మీద ఆ ప్రయోగం చేయకండి.

వాట్సాప్‌ను మీరు వదల్లేరు. స్కూలు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, గ్యాస్ బుకింగ్, అన్నీ అక్కడే ఉన్నాయి. ఇంట్లో నలుగురూ సిగ్నల్‌కి మారితే సంతోషం, మారకపోతే పోట్లాడకండి. వాట్సాప్ సెట్టింగుల్లో బ్యాకప్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకునే ఆప్షన్ 2021 నుంచి ఉంది. అది దానంతట ఆన్ కాదు, మీరే వెళ్లి ఆన్ చేయాలి. చాలామంది చేయలేదు.

ఇవాళ రాత్రి పడుకునే ముందు టేకౌట్ తెరిచి ఫోటోలు అడగండి. దానికి సర్వర్ అక్కర్లేదు, డాకర్ అక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు. గూగుల్ ఆ మూట సిద్ధం చేసేలోగా వెళ్లి ఒక డిస్కు కొనుక్కొచ్చుకోండి.